అమ్మ నన్ను సేవకు మొక్కుకుంది.. ఉద్యోగం వదలకపోతే దేవునికి అవిధేయుడినేనా?

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక సోదరుడు చాలా వివరంగా ఉత్తరం రాశారు. ఆయన్ని ఎవరూ గుర్తుపట్టకుండా పేరు, ఊరు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆయన వయసు 33. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచర్. భార్య ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. నాలుగేళ్ల పాప ఉంది. తండ్రి కోవిడ్ రోజుల్లో చనిపోయారు. తల్లి వీళ్ల దగ్గరే ఉంటున్నారు. అక్క పుట్టాక తల్లికి వరుసగా రెండు గర్భాలు నిలవలేదు. మూడోసారి నెలలు నిండకుండానే నొప్పులొస్తే, మిషన్ ఆసుపత్రి మంచం మీద పడుకుని "ఈ బిడ్డ బతికితే నీ సేవకే ఇస్తాను ప్రభువా" అని ఆవిడ మొక్కుకున్నారు. బిడ్డ బతికాడు. సంఘంలో అందరూ ఆయన్ని మొక్కుబడి బిడ్డ అనే పిలిచేవారట. పదహారో ఏట యవ్వనస్తుల క్యాంపులో చివరి రాత్రి, పూర్తికాల సేవకు ఎవరు సమర్పించుకుంటారని అడిగితే ఆయనా చెయ్యెత్తి, ముందుకెళ్లి మోకరించారు. ఆ తర్వాత చదువు, డీఎస్సీ, ఉద్యోగం. డీఎస్సీ పరీక్షకు తండ్రే దగ్గరుండి తీసుకెళ్లారు. ఉద్యోగం వచ్చిన ఆదివారం తల్లి సంఘంలో లేచి నిలబడి, దేవుడు మా అబ్బాయికి ఉద్యోగం ఇచ్చాడని సాక్ష్యం చెప్పారు.

గత ఏడాదిన్నరగా ఆ ఇంట్లో దెబ్బ మీద దెబ్బ. భార్యకు మూడో నెలలో గర్భం పోయింది. బావతో కలిసి లీజుకు తీసుకున్న రొయ్యల చెరువు తెల్లమచ్చ తెగులుతో పోయి ఆరు లక్షల అప్పు మిగిలింది. ఆ తర్వాత బైక్ యాక్సిడెంట్‌లో చెయ్యి విరిగింది. ఒక ఉపవాస కూటంలో పాస్టర్ గారు, దేవుని ఆజ్ఞ కాదని ఓడెక్కి పారిపోయిన యోనా ప్రవక్త కథ చెబుతూ, ఆయన వైపే చూసి, "యోనా ఓడలో ఉన్నంతకాలం తుఫాను ఆగదు. ఏ ఇంట్లో యోనా ఉన్నాడో ఆ ఇంటివాళ్లకే తెలుసు" అన్నారు. ఆ రోజు నుంచి తల్లి సరిగ్గా అన్నం తినడం లేదు. "నా మొక్కు తప్పించావురా, నిన్నిచ్చిన దేవుడే నిన్ను తీసేసుకుంటాడు" అని ఏడుస్తున్నారు. భార్య ఒక రాత్రి "అయితే నా బిడ్డ పోయింది మీ మొక్కు వల్లేనా?" అని అడిగి, అప్పటి నుంచి కుటుంబ ప్రార్థనకు కూర్చోవడం మానేసింది. సంఘ పెద్ద ఒకరు లేవీయకాండం తీసి చూపించి, మనిషికి బదులు వెల చెల్లించవచ్చు గనుక తండ్రి సంపాదించిన ఇరవై సెంట్ల స్థలాన్ని మందిరం పేరున రాసిస్తే మొక్కుబడి తీరిపోతుందన్నారు.

ఈ సోదరుడికి వేదిక ఎక్కితే నోరు ఎండిపోతుంది. పిల్లలకు పాఠం చెప్పడమంటే మాత్రం ప్రాణం. ఏళ్ల తరబడి సండే స్కూల్ నడిపారు. "అవిధేయుడికి ఆ అర్హత ఎక్కడిది" అనుకుని ఇప్పుడు అదీ మానేశారు. చెరువు లెక్కల దగ్గర మాటామాటా పెరిగి ఎనిమిది నెలలుగా బావతో మాటల్లేవు. ఉత్తరం చివర్లో ఇలా అడిగారు: "నేను దేవునికి అవిధేయుడినేనా? రాజీనామా చేసి బైబిల్ కాలేజీకి వెళ్లాలా? స్థలం రాసిచ్చేయాలా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏది విధేయతో చెప్పండి."

*

తమ్ముడూ, వందనాలు.

మీ ప్రశ్నల కంటే ముందు మీ భార్య అడిగినదానికి జవాబు కావాలి. బిడ్డ పోయింది మీ మొక్కు వల్లేనా అని ఆవిడ అడిగారు. మీరేం చెప్పారో ఉత్తరంలో లేదు. ఏమీ చెప్పలేదేమో అనిపిస్తోంది. ఆ మౌనమే ఆవిడకు జవాబుగా మిగిలిపోయి ఉంటుంది. ఈ రోజే కూర్చుని "కాదు" అని చెప్పండి. గర్భం వచ్చిందని తెలిసిన ప్రతి 10 మందిలో ఒకరిద్దరికి అది నిలవదు. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో ఎక్కువ భాగం పిండంలోని క్రోమోజోముల్లో తేడా వల్లే పోతాయి. స్టాఫ్ నర్సుగా ఈ సంగతి ఆవిడకు మీకంటే, నాకంటే బాగా తెలుసు. తెలిసీ అడిగారంటే ఆవిడకు కావాల్సింది వైద్యం గురించిన వివరణ కాదు. తన భర్త ఆ మాట నమ్ముతున్నాడా లేదా అన్నది ఆవిడకు తెలియాలి. పుట్టు గుడ్డివాణ్ణి చూసి "ఎవడు పాపం చేశాడు, వీడా, వీడి కన్నవాళ్లా" అని శిష్యులు అడిగితే, వీడైనా వీడి కన్నవాళ్లైనా కాదని యేసు అన్నాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు కూడా, వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతావాళ్ల కంటే ఎక్కువ పాపులని అనుకోవద్దని ఖండితంగా చెప్పాడు. ప్రభువే ఒప్పుకోని లెక్కను మీ పడకగదిలోకి రానివ్వకండి.

ఇక యోనా సంగతి. పాస్టర్ గారి మాట మిమ్మల్ని ఇంతగా కుదిపేయడానికి కారణం ఉంది. ఆ కథ నిజం, అవిధేయత నిజం, తుఫానూ నిజం. కానీ ఆ పుస్తకం మొదటి అధ్యాయం మళ్లీ ఒకసారి నిదానంగా చదవండి. నీనెవెకు వెళ్లమని దేవుడు ఎవరితోనో చెప్పించలేదు, యోనాతోనే సూటిగా చెప్పాడు. ఏ ఊరు వెళ్లాలో, అక్కడ ఏం చెయ్యాలో యోనాకు స్పష్టంగా తెలుసు. తెలిసే యొప్పేకు పోయి, డబ్బు కట్టి, తర్షీషు ఓడ ఎక్కాడు. మీకు అలాంటి ఆజ్ఞ ఏదైనా తెలుసా? తెలిసి దానికి ఎదురు తిరిగారా? ఉత్తరమంతా వెతికాను, నాకు కనబడలేదు. ఏది విధేయతో చెప్పమని నన్ను అడుగుతున్న మనిషి తర్షీషు టికెట్టు కొన్నవాడు కాదు.

పైగా బైబిల్లో ఉన్నది ఆ ఒక్క తుఫానే కాదు. "అద్దరికి పోదాం" అని యేసే అంటే శిష్యులు దోనె ఎక్కారు. మాట విని బయల్దేరినవాళ్ల మీదికే పెనుగాలి వచ్చింది. నీవు రోమాలో సాక్ష్యమియ్యాలని ప్రభువు పౌలుతో ముందే చెప్పాడు. ఆ రోమాకు వెళ్లే దారిలోనే ఓడ బద్దలైంది. అందులో ఉన్న 276 మందీ ప్రాణాలతో ఒడ్డుకు చేరారు గానీ, తుఫాను మాత్రం తప్పలేదు. కష్టం వచ్చింది కాబట్టి అవిధేయత ఉండే ఉంటుందని వెనక్కి లెక్క కట్టే పద్ధతి యోబు స్నేహితులది. చివరికి దేవుడు వాళ్ల మీదే కోప్పడ్డాడు. మీ చెరువు గట్టుకు ఆనుకుని ఉన్న రెండు చెరువులూ అదే వారంలో పోయాయని మీరే రాశారు. తెల్లమచ్చ వైరస్ పడితే కొద్ది రోజుల్లోనే చెరువు మొత్తం ఖాళీ అవుతుంది. నీటి ద్వారా, పీతల ద్వారా పక్క చెరువులకూ పాకుతుంది. ఆ పక్క రైతులెవరూ సేవకు మొక్కుకున్న బిడ్డలు కారు కదా.

ఇప్పుడు అసలు ముడి, అమ్మగారి మొక్కు. దాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. మీరూ కొట్టిపారేయకండి. రెండు కాన్పులు పోగొట్టుకున్న తల్లి ఆ మంచం మీద దేవుడికి చెప్పిన మాట అది. మొక్కుకుని చెల్లించకపోవడం కంటే అసలు మొక్కుకోకపోవడం మేలని బైబిల్లో ప్రసంగి అంటాడు. దేవుని ముందు మాటకు విలువ ఉంది. అయితే ఆ మొక్కులో అమ్మగారి వంతు ఎంత, మీ వంతు ఎంత, దేవుని వంతు ఎంత? ఈ మూడింటినీ కలిపి ఒకే మూటగా కట్టి మీ నెత్తిన పెట్టారు. విప్పి చూద్దాం.

మీ ఇంట్లో అందరూ చెప్పుకునే హన్నా కథనే తీసుకుందాం. కొడుకు పుడితే దేవునికే ఇస్తానని హన్నా మొక్కుకుంది, బిడ్డ సమూయేలు పాలు విడిచాక షిలోహు మందిరానికి తెచ్చి యాజకుడైన ఏలీ చేతికి అప్పగించింది. ఆవిడ మొక్కు అక్కడితో చెల్లిపోయింది. ఆ తర్వాత మొదటి సమూయేలు మూడో అధ్యాయానికి వస్తే, సమూయేలు మందిరంలోనే పెరుగుతూ, అక్కడే పడుకుంటూ, పరిచర్య చేస్తూ కూడా ఇంకా యెహోవాను ఎరగలేదని రాసి ఉంది. అమ్మ మొక్కు వాణ్ణి మందిరం దాకా తేగలిగింది. పిలుపు మాత్రం దేవుడే వేరుగా, పేరు పెట్టి పిలిచి ఇవ్వాల్సి వచ్చింది. అదీ వాడికి అర్థమయ్యేదాకా మళ్లీ మళ్లీ పిలిచాడు, మొదటిసారి పోల్చుకోలేదని కోప్పడలేదు. ఇక ఏలీ ఏం చేశాడో చూడండి. పిలుస్తున్నది యెహోవా అని అతనికి మూడోసారికి తెలిసింది. "దేవుడు నీతో అనబోయేది ఇదిగో ఇది" అని తనే చెప్పెయ్యలేదు. పోయి పడుకో, మళ్లీ పిలిస్తే నీ దాసుడు వింటున్నాడని చెప్పు అని పంపాడు. కాపరి పని అంతవరకే. పిల్లవాణ్ణి వినేచోటికి తిరిగి పంపించడం. ఏలీలో చాలా లోపాలున్నాయి గానీ ఆ రాత్రి మాత్రం అతను చేసింది సరైన పని. మన సంఘాల్లో ఇది అరుదైపోయిందని నాకు బాధగా ఉంటుంది.

కాబట్టి అమ్మగారితో మీరు ఇలా చెప్పగలరు. "అమ్మా, నువ్వు మాట తప్పలేదు. హన్నా చేసిందంతా నువ్వు చేశావు. నన్ను మందిరానికి తెచ్చావు, వాక్యం నేర్పావు, నాకోసం మోకాళ్ల మీద ఉన్నావు. నీ మొక్కు చెల్లింది. ఇక మీద దేవుడు నన్ను ఏ పనికి పిలిచినా సరేనంటాను, అది నా పూచీ." నెమ్మదిగా, ఆవిడ పక్కన కూర్చుని చెప్పండి. వాదనకు దిగొద్దు, వచనాలు విసరొద్దు. ఆవిడ భయం మొక్కు గురించి కాదని నాకు అనిపిస్తోంది. మీ చెయ్యి విరిగిన రోజు, ఇచ్చిన బిడ్డను దేవుడు తిరిగి లాక్కుంటాడేమోనన్న పాత భయం మళ్లీ లేచింది. మన దేవుడు బాకీ కోసం గుమ్మంలో కూర్చునే వడ్డీ వ్యాపారి కాడు. తండ్రి తన పిల్లల మీద జాలిపడినట్టు జాలిపడతాడని, మనం మంటివాళ్లమని జ్ఞాపకం చేసుకుంటాడని 103వ కీర్తనలో ఉంది. ఆ కీర్తన ఆవిడతో కలిసి కొన్ని రోజులు చదవండి. మీకు ఉద్యోగం వచ్చినప్పుడు సంఘంలో లేచి ఇచ్చిన సాక్ష్యం కూడా గుర్తుచేయండి. ఆ రోజు ఆవిడ ఈ ఉద్యోగాన్ని దేవుడి చేతి నుంచే అందుకున్నారు. మీ నాన్నగారికి ఆ మొక్కు సంగతి తెలుసా, తెలిస్తే ఏమన్నారు అని కూడా అడగండి. మిమ్మల్ని డీఎస్సీకి తీసుకెళ్లిన తండ్రి మనసులో ఏముందో ఆవిడ నోట వింటే ఇద్దరికీ ఊరట కలగవచ్చు.

స్థలం విషయంలో మాత్రం నా మాట గట్టిగానే ఉంటుంది. రాయకండి. లేవీయకాండం 27లో మనుషులను మొక్కుకున్నప్పుడు చెల్లించే వెలలు ఉన్న మాట నిజం. ఇరవై నుంచి అరవై ఏళ్ల మగవాడికి 50 తులాల వెండి. కానీ అదే చోట, మొక్కుకున్నవాడు ఆ వెల చెల్లించలేనంత బీదవాడైతే యాజకుడు అతని స్తోమతను బట్టి వెల కట్టాలని ఉంది. ఆ మాట మీకు చూపించారా? ఆ ధర్మం ఎందుకు పుట్టింది? ఆవేశంలో మనుషుల్నే మొక్కేసుకున్న కుటుంబాలు నలిగిపోకుండా విడిపించడానికి. ఆరు లక్షల అప్పులో ఉన్న ఇంటి చేత రిజిస్ట్రేషన్ చేయించుకోవడానికి దాన్ని వాడితే ధర్మశాస్త్రాన్ని తలకిందులు చేసినట్టే. పైగా క్రీస్తు మనల్ని వెల పెట్టి కొన్నాడని నమ్మేవాళ్లం, ఇంకో వెల ఎక్కడిది?

ఇంకో సంగతి. ఆ స్థలం నాన్నగారిది. ఆయన వీలునామా రాయకపోయి ఉంటే, భారత వారసత్వ చట్టం 1925 ప్రకారం క్రైస్తవ కుటుంబంలో భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలందరికీ సమానంగా వస్తుంది. అంటే అమ్మకు, అక్కకు, మీకు తలా ఒక వంతు. అక్క వాటా మీది కాదు, మీరు కానుకగా ఇవ్వలేరు. బలిపీఠం కట్టడానికి అరౌనా అనే ఆయన తన కళ్లం ఊరికే ఇస్తానంటే దావీదు రాజు ఒప్పుకోలేదు, వెల ఇవ్వకుండా తీసుకున్నదాన్ని దేవునికి అర్పించనన్నాడు. ఇతరుల సొమ్ముతో అర్పణ అంటే అంత రోత అతనికి. ఒకసారి గిఫ్ట్ డీడ్ రిజిస్టరై అవతలివాళ్లు స్వీకరించాక, మనసు మారిందని వెనక్కి తీసుకోవడం కూడా కుదరదు. రేపు అప్పులు తీరాక, మీ వంతులోంచి సంతోషంగా ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, అప్పుడు అది కానుక.

ఇప్పుడు పదహారో ఏట మీరు ఎత్తిన చెయ్యి. దాన్ని గురించి మీరు రెండే వాక్యాలు రాశారు, కానీ మిమ్మల్ని అమ్మగారి మొక్కు కంటే ఎక్కువగా తొలుస్తున్నది అదేనని నా అనుమానం. ఎందుకంటే అది మీ సొంత మాట. మూడు రోజుల ఉపవాసం, లైట్లు తగ్గించి పాట, చుట్టూ ఏడుస్తున్న స్నేహితులు, అలాంటి చోట పిల్లల చేత జీవితకాలపు వాగ్దానాలు చేయించడం నాకు ఇష్టం లేదు. క్యాంపులు నడిపేవాళ్లు దీని గురించి ఆలోచించాలి. అయినా ఆ రాత్రి మీరు అబద్ధమాడలేదు. యేసు మీద ప్రేమ ఉంది, దాన్ని అప్పుడు మీకు తెలిసిన ఒకే భాషలో చెప్పారు. "పోతాను" అని పోని కొడుకు, "పోను" అని తర్వాత పోయిన కొడుకు కథ మీకు తెలుసు. తండ్రి చూసింది చివరికి తోటలో ఎవరు పనిచేశారని. ఇన్నేళ్లూ ఆదివారం పొద్దున్నే పిల్లలను పోగేసి వాక్యం నేర్పినవాడు తోటలో లేడని నేనెలా అంటాను?

అందుకని ఆ చెయ్యెత్తడాన్ని మర్చిపోవాలని చూడకండి, దానికి భయపడి పరుగెత్తకండి. ముప్పైమూడేళ్ల మనిషిగా దాన్ని మళ్లీ ప్రభువు దగ్గరికి తీసుకెళ్లండి. "అప్పుడు తెలిసీ తెలియక అన్నాను. ఇప్పుడు తెలిసి అడుగుతున్నాను, నన్నేం చెయ్యమంటావు?" అని అడగండి. జవాబు మీకు నచ్చనిదైనా వినడానికి సిద్ధపడి అడగండి. నేను చెప్పేదంతా మీరు ఉద్యోగంలోనే ఉండిపోవడానికి సాకు కాకూడదు.

మీ ముందు మూడు దారులు కనబడుతున్నాయి.

రాజీనామా చేసి బైబిల్ కాలేజీకి వెళ్లడం మొదటిది. హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల లాంటి చోట బి.డి. అనే వేదాంత డిగ్రీ చదవాలంటే నాలుగైదేళ్ల మాట. ప్రభుత్వ ఉద్యోగం ఒకసారి వదిలితే మళ్లీ డీఎస్సీ రాయాల్సిందే, ఆ పోటీ మీకు తెలియంది కాదు. అప్పుల వాయిదాలు, పాప చదువు, అమ్మగారి మందులు అన్నీ మీ భార్య జీతం మీద పడతాయి. నిజంగా పిలుపు ఉంటే ఇవన్నీ భరించవచ్చు, భరించినవాళ్లు మన మధ్యే ఉన్నారు. కానీ భయంతో వెళితే ఏమవుతుంది? పాస్టరయ్యాక పాపకు జ్వరం వస్తే, అప్పుడు ఏ మొక్కు తప్పిందని వెతుకుతారు? భయంతో కాపరి అయినవాడు మందకు కూడా భయమే నేర్పుతాడు. మందను బలవంతం మీద కాక ఇష్టపూర్వకంగా కాయమని పేతురు రాశాడు. విశ్వాసంలోంచి రానిది పాపమని పౌలు అన్నాడు. మీ భార్య మనస్ఫూర్తిగా సరేననకుండా మాత్రం ఈ దారి తొక్కకండి. మొక్కులు లెక్కపెట్టాలంటే, పెళ్లినాడు దేవుని ముందు, సంఘం ముందు, పూర్తి వయసులో, పూర్తి తెలివితో మీ నోటితో మీరు చేసిన ప్రమాణం ఒకటుంది. అది అన్నిటికంటే స్పష్టమైనది.

టీచర్‌గానే ఉంటూ ఆ పనినే దేవుడు అప్పగించిన పనిగా చేయడం రెండోది. ఇది తక్కువ రకం విధేయత అన్న అభిప్రాయం మనలో ఎలాగో పాతుకుపోయింది. కొరింథులో పౌలు అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. ఒంగోలు ప్రాంతంలో ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి, బేరాలకు తిరిగిన ఊళ్లలోనే సువార్త చెప్పేవాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లాఫ్ దొరగారు 1866లో ఒంగోలు చేరేసరికి ఆయన మాట విని నమ్మినవాళ్లు ఆ పల్లెల్లో ఎదురుచూస్తున్నారు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ల చేత తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అనే పౌలు మాటను పలికించేవారు. వాళ్లలో ఎక్కువమంది కూలీలు, పాలేర్లు. మర్నాడు మళ్లీ పొలానికే వెళ్లారు. మన తాతముత్తాతల దగ్గరికి సువార్త వచ్చింది ఎక్కువగా ఇలాంటి వాళ్ల నోటి ద్వారానే. ఒక్క జాగ్రత్త, ప్రభుత్వ పాఠశాలలో మతబోధ చేయకూడదు, రాజ్యాంగం 28వ అధికరణం ఆ సంగతి చెబుతోంది. అక్కడ మీ విశ్వాసం వేళకు బడికి రావడంలో, వెనకబడ్డ పిల్లవాడి దగ్గర ఇంకో పావుగంట కూర్చోవడంలో, మధ్యాహ్న భోజనం లెక్క ఉన్నది ఉన్నట్టు రాయడంలో కనబడాలి. ఈ దారి ఎంచుకుంటే కొంతకాలం అమ్మగారి కన్నీళ్లు, సంఘంలో గుసగుసలు తప్పవు. "తర్వాత చూద్దాం" అంటూ ఏళ్లు గడిపేసే ప్రమాదం కూడా మీకు ఉంది.

మూడో దారి, ఒక గడువు పెట్టుకుని పరీక్షించి చూసుకోవడం. నా మనసు దీనివైపే మొగ్గుతోంది. వచ్చే ఏడాది పాటు ఉద్యోగంలోనే ఉండి సండే స్కూల్ మళ్లీ తెరవండి. సేరంపూర్ విశ్వవిద్యాలయం వాళ్ల వేదాంత కోర్సుల్లో ఇంటి దగ్గర చదువుకునేవి ఉన్నాయి, ఒకటి కట్టండి. వేసవి సెలవుల్లో పక్క పల్లెల్లో పిల్లలకు సెలవుల బైబిల్ బడి (వి.బి.ఎస్.) నడపండి. అప్పు కూడా ఈలోగా కొంత తగ్గుతుంది. ఏడాది చివర మీ భార్య, మిమ్మల్ని ఎరిగిన ఒక పెద్ద మనిషి, మీ సంఘానికి బయట ఉన్న ఒక కాపరి, ఈ ముగ్గురితో కూర్చోండి. కష్టాలు లేని రోజుల్లో కూడా ఆ కోరిక నిలిచి ఉందా? మీ వల్ల ఎవరికైనా మేలు జరిగిందా? పేరు, వేదిక లేని పనైనా చేస్తారా? వేదిక ఎక్కితే నోరు ఎండిపోవడాన్ని అడ్డంకిగా చూడకండి, మోషే కూడా నోటి మాంద్యం గలవాణ్ణని మొరపెట్టుకున్నాడు. అలాగని పిల్లలకు చెప్పే వరాన్ని చిన్న చూపూ చూడకండి, దేవుడు మిమ్మల్ని పెట్టదలచిన చోటు అదే కావచ్చు. ఇందులో కష్టమేమిటంటే అమ్మగారికి ఇది వాయిదా వేయడంలా కనిపిస్తుంది. గడువు ఏ నెల వరకో ఆవిడకు ముందే చెప్పండి.

పాస్టర్ గారి దగ్గరికి ఒంటరిగా, గౌరవంగా వెళ్లండి. సహోదరుడి వల్ల నొచ్చుకుంటే అతనితో ఒంటరిగా మాట్లాడమనే మత్తయి 18లో ఉంది. "అయ్యగారూ, ఆ మాట వల్ల మా ఇంట్లో ఇలా జరిగింది, నా భార్య ప్రార్థన మానేసింది" అని జరిగింది మాత్రమే చెప్పండి. తన మాట ఎక్కడ తగిలిందో ఆయనకు తెలియకపోయి ఉండవచ్చు. నాయకుల మాట వినమని హెబ్రీ పత్రిక చెబుతుంది, నేను కాదనను. ప్రవక్తలు మాట్లాడితే మిగతావాళ్లు వివేచించాలని కూడా అదే బైబిల్ చెబుతుంది. ఆయన అర్థం చేసుకుంటే మీ ఇంటికి వచ్చి అమ్మగారితో, మీ భార్యతో ప్రార్థన చేయమని అడగండి. ఎవరు చెప్పినా కుదుటపడని అమ్మగారు ఆయన మాటతో కుదుటపడవచ్చు. ఆయన నొచ్చుకుని మళ్లీ వేదిక మీద నుంచి సూటిపోటి మాటలు అంటే మాత్రం, ఇంకో సంఘం చూసుకోవడం దేవుణ్ణి విడిచిపెట్టడం కాదు. తొందరపడి మాత్రం వెళ్లకండి.

నిద్ర నెలల తరబడి లేకపోతే డాక్టర్‌ని కలవండి, అందులో విశ్వాసలోపం ఏమీ లేదు.

ఏది విధేయతో చెప్పమన్నారు. మీ ఉత్తరం రెండోసారి చదువుతున్నప్పుడు నాకు కనిపించింది చెబుతాను, కష్టపెట్టుకోకండి. దేవుడు ఆజ్ఞాపించాడో లేదో ఇంకా తెలియని ఒక్క విషయం కోసం, ఆజ్ఞాపించాడని ఖాయంగా తెలిసినవి ఒక్కొక్కటే వదిలేశారు. పిల్లలకు బోధించడం మానేశారు. భార్య కన్నీళ్ల దగ్గర మౌనంగా ఉన్నారు. బావతో ఎనిమిది నెలలుగా మాటల్లేవు. మీ అర్పణ బలిపీఠం ముందు విడిచి, మొదట వెళ్లి నీ సహోదరుడితో సమాధానపడమన్నాడు ప్రభువు. మిమ్మల్ని మీరే అర్పించుకోవాలా అని ఇంతగా మథనపడుతున్నారు, ఆ అర్పణకైనా ఆ "మొదట" వర్తిస్తుంది కదా. దీనికి గడువులూ పరీక్షలూ అక్కర్లేదు. చెరువు లెక్కల పుస్తకం, మేత బిల్లులు, లీజు కాగితం తీసుకుని వచ్చే ఆదివారం ఆరాధన కాగానే అక్కావాళ్లింటికి వెళ్లండి. లెక్కలో ఎవరిది తప్పని మొదలుపెట్టకండి. అప్పులో మీ సగం మీరు ఒప్పుకుని, ముందుగా ఎలా ఉన్నావు బావా అని అడగండి. స్థలంలో అక్క వాటా ఉందని కూడా ఆ రోజే మీ నోటితో చెప్పండి. బావ తలుపు వేసేసినా మీరు చెయ్యాల్సింది చేసినట్టే, మరో వారం చూసి మళ్లీ వెళ్లండి. అక్కడేం జరిగిందో, మీ భార్య ఏమన్నారో వీలైతే నాకు రాయండి.